అంకుల్ ఇంట్లో పస్తు

గృహ సర్వేల డేటా చూడటం ఇప్పుడు నా ఉద్యోగం. కరోనా ఏడాది ఫైళ్ళలో "ఇంట్లో ఎవరూ పస్తు లేరు" అని కనబడితే నేను చచ్చినా నమ్మను. ఆ జవాబు ఇంట్లో ఎవరు చెప్పారో, అది కావాలి నాకు.

అప్పుడు ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కని పీజీలో ఉండేదాన్ని. లాక్‌డౌన్‌కి అందరూ ఊళ్ళకెళ్ళిపోగా పై గదిలో నేనూ, నా రూమ్మేటూ మిగిలాం. వంటమనిషి రావట్లేదన్న వంకతో ఓనర్ అంకుల్ మెస్‌కి తాళం కొట్టాడు. గదిలో స్టవ్ పెట్టుకోనివ్వడు. కింద ఆయన వంటింట్లోంచి మాత్రం పూటపూటా నేతి పోపు వాసన. రూమ్మేట్ అప్పుడే జ్వరం నుంచి లేచి, గోడ పట్టుకుని నడుస్తోంది. బిస్కెట్లు నీళ్ళలో నానబెట్టి దానికి పెట్టేదాన్ని. ఒక్కోరోజు అవీ ఉండేవి కావు.

"దానికొక్కదానికైనా రెండు రొట్టెలివ్వండి అంకుల్" అని అడిగాను.

"ఇదేమన్నా ధర్మసత్రమా బేటీ?" అన్నాడు. ఆ మాట నాకు ఈరోజుకీ అరగలేదు.

ఆంక్షలు సడలించాక సర్వే అమ్మాయి వచ్చింది. రోగభయానికి గేటు అవతలే నిలబడి, మాస్కులోంచి అరిచి అడుగుతోంది. అంకులూ అరిచే చెప్పాలి. బాల్కనీల్లో ఆంటీలందరికీ కాలక్షేపం.

"ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు ఒక కుటుంబం. అద్దెకున్నవాళ్ళు వేరు. మీరెంతమంది?"

అంకుల్ పీజీకి పర్మిషన్ లేదు. అద్దెవాళ్ళున్నారంటే ఎక్కడ బయటపడుతుందోనని ఆయన భయం. "అందరం ఒకటే కుటుంబం. పైనున్న పిల్లలు నా కూతుళ్ళే, మా పొయ్యి మీదే తింటారు" అన్నాడు.

మెట్ల మీదున్న నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధమని అరవబోయాను. అంతలో ఆ అమ్మాయి, "గత నెలలో తిండి లేక ఇంట్లో ఎవరైనా పస్తున్నారా?" అంది.

"రామ రామ, మా ఇంట్లోనా?"

గేటు దాకా వెళ్ళాను. "ఉన్నారని రాసుకోండి దీదీ. నేనూ ఈ ఇంటి పిల్లనే, అంకుల్ ఇప్పుడేగా చెప్పారు. మేమిద్దరం పస్తున్నాం. చాలాసార్లు."

ఆ అమ్మాయి ఆయన్ని చూసింది. "వీళ్ళు మీ కుటుంబమేనా అంకుల్‌జీ?"

కాదంటే పీజీ బయటపడుతుంది. ఔనంటే, కూతుళ్ళ కడుపు మాడ్చిన ఇల్లని వీధంతా వింటుంది. మొహం నల్లబడి, ఔనన్నట్టు తలూపాడు. ఎదురింటి ఆంటీ పైనుంచి "అచ్ఛా" అని సాగదీసింది. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే అంకుల్ భార్య పప్పూ రొట్టెలూ పైకి మోసుకొచ్చింది. రూమ్మేట్ తింటూ ఏడ్చింది. నేను ఏడవలేదు, ఇంకో రెండు రొట్టెలు వెయ్యమన్నాను. ఆ తర్వాత ఒక్క పూట తప్పలేదు.

కొన్నాళ్ళకి రెండో విడత సర్వేకి అదే అమ్మాయి వచ్చింది. అంకుల్ గుమ్మం దగ్గర నన్నాపి బతిమాలాడు. "ఇప్పుడు బాగానే పెడుతున్నాంగా బేటీ. ఆ పాతది కొట్టేయించు. వీధిలో తలెత్తుకోలేకపోతున్నా."

ఈసారి ఎవరూ పస్తు లేరని చెప్పాను, నిజమే కాబట్టి. అంకుల్ చేతులు కట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు.

"పోయినసారి చెప్పింది మార్చొచ్చా దీదీ?" అని గట్టిగా అడిగాను.

"కుదరదండీ. అది ఎప్పుడో పై ఆఫీసుకి వెళ్ళిపోయింది."

కుదరదని నాకు ముందే తెలుసు. ఆయన తన చెవులతో వినాలనే అడిగాను.