సార్ తీయించిన పేరా

అక్క నీళ్లు పరీక్షించే లాబ్‌లో పనిచేస్తుంది. నలుమూలల నుంచి సీసాల్లో వచ్చే నీళ్లలో ఏం కలిసిందో తేల్చడం ఆమె పని. డిగ్రీలో మార్కులు అంతంతమాత్రం. పగలు కాలేజీ, సాయంత్రం నలుగురికి ట్యూషన్లు, అంతకంటే ఎక్కడొస్తాయి? అయినా పై చదువుకి ఆమె కన్ను పడింది మాత్రం విదేశాల్లో పెద్ద పేరున్న మూడు యూనివర్సిటీల మీదే.

"ఈ మార్కులకి నిన్ను గేటు దగ్గరే ఆపేస్తారే," అంది అమ్మ.

"ఆపనీ. గేటు దాకానైనా వెళ్తాగా."

మార్కులు లేనివాళ్లకి పైఅధికారి ఇచ్చే సిఫార్సు ఉత్తరమే దిక్కట. లాబ్ పెద్ద సార్‌ని అడిగితే, అందరికీ చెప్పే మాటే చెప్పారు: "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెట్టేస్తా."

తనను తాను పొగుడుకోవడం అక్క వల్ల కాలేదు. సమయానికి వస్తుంది, సీసాలు శుభ్రంగా ఉంచుతుంది అన్నచోటే ఆగిపోయింది.

"ఇది చదివి నిన్ను సీసాలు కడగడానికి పిలుస్తారు," అన్నాను. "ఆ బడి బోరు సంగతి రాయక్కా."

కిందటేడు ఒక బడి బోరు నీళ్లు తాగొచ్చని లాబ్ రిపోర్టు ఇచ్చేసింది. అంకె చూసి అక్కకు అనుమానమొచ్చింది. ఎవరూ చెప్పకుండానే మళ్లీ పరీక్షించింది. పిల్లలకు హాని చేసే నైట్రేట్, ఉండదగ్గదానికి రెండింతలుంది. తిట్లు తిని మరీ రిపోర్టు మార్పించింది. బోరు మూసేశారు. అక్కలాంటి మార్కులవాళ్లు మరో వందమంది ఉన్నా, ఈ పని చేసింది అక్క ఒక్కతే. అదే రాసింది.

సార్ గదికి తోడుగా నన్నూ తీసుకెళ్లింది. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ఆయన చదువుతూ చదువుతూ కళ్లజోడు తీశారు.

"అంతా బ్రహ్మాండంగా ఉంది. ఈ బోరు పేరా ఒక్కటీ తీసెయ్ తల్లీ."

"జరిగిందే కదా సార్."

"జరిగింది కాబట్టే. మా లాబ్ తప్పు చేసిందని నా చేత్తో నేనే సంతకం పెట్టనా?"

"పోనీ, దరఖాస్తుతో పంపే నా వ్యాసంలో నేను రాసుకుంటా."

"రాసుకో. వాళ్లు నన్నడిగితే అలాంటిదేం జరగలేదంటాను."

కోపంగా అనలేదు. టీ తాగుతావా అని అడిగినంత మామూలుగా అన్నారు. అక్క గోడకేసి చూసింది. నావైపు తిరిగితే ఏడ్చేస్తుందని తెలిసి నేను నేలకేసి చూశాను.

ఇంటికొచ్చి పేరా తీసేసింది. వ్యాసంలోనూ ఆ ఊసెత్తలేదు. ఉత్తరం సగం పేజీయే మిగిలింది. మర్నాడు సార్ చదవకుండానే సంతకం పెట్టారు.

మూడు చోట్ల నుంచీ సీటు ఇవ్వలేనందుకు చింతిస్తున్నామనే జవాబొచ్చింది. మూడోది వచ్చినరోజు అమ్మ అన్నం వడ్డించింది. కంచం అక్క ముందుకు జరిపింది.

సంగతి తెలిసి సార్ అక్కను పిలిచి, "దిగులుపడకు. వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టు. ఈసారి ఉత్తరం ఇంకాస్త బాగా రాసుకురా," అన్నారట.

"నువ్వేమన్నావక్కా?"

"సరే సార్ అన్నాను," అంది, లాబ్‌కి వేసుకెళ్లే తెల్లకోటు బకెట్లో నానబెడుతూ. "ఇంకేమంటానే?"