ఆఫీసు ఆవరణలో ఈనిన ఆవు

రైతు సంఘానికి కార్యదర్శిగా ఎన్నికైన సమయానికి వదిన సమావేశం గదిలో లేదు. పక్క గదిలో టీ కాస్తోంది. గదిలో ఉన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు "నా వల్ల కాదు" అనేశాక, ఆ మాట అనడానికి అందుబాటులో లేని మనిషి ఆవిడొక్కతే మిగిలింది. కప్పుల పళ్లెంతో ఆవిడ లోపలికి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. టీకేననుకుని, "చక్కెర చూసుకోండి, తక్కువైందేమో" అంది.

ఆవిడ అసలు పేరు పాల కేంద్రం వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. మరుదులు పిలిచిన పిలుపు పొలం గట్లు దాటి పాకిపోయింది. భర్తకన్నా పెద్దవాళ్లు కూడా వదినా అనే పిలిచేవారు. "నాకింతమంది తమ్ముళ్లున్నారని మా అమ్మ చెప్పలేదే" అని భర్త ఒకసారి అన్నాడు. ఆ ఏడాది ఆయన నోట వచ్చిన పొడుగాటి మాటల్లో అదొకటి.

చలికాలం రైతులకు తీరిక అని పట్నంవాళ్లు అనుకుంటారు. తెల్లారగానే తొట్టిలో గడ్డకట్టిన నీళ్లు పగలగొట్టాలి, కొట్టంలో తడిసిన గడ్డి తీసి పొడిది పరవాలి, పాలెందుకు తగ్గాయో పాల కేంద్రంలో సంజాయిషీ చెప్పుకోవాలి. కాకపోతే మధ్యాహ్నాలు గొణుక్కోవడానికి కాస్త వీలు చిక్కుతుంది. ఆ ఏడు గొణుగుడంతా పశువుల ఆసుపత్రి గురించే. డాక్టరు బదిలీ అయి వెళ్లిపోయాడు, కొత్తాయన రాలేదు. కాంపౌండరు ఒక్కడే రోజూ వచ్చి తలుపు తీసి, పొయ్యి దగ్గర చేతులు కాచుకుని, తలుపు వేసి వెళ్తున్నాడు. ఎండాకాలం నాటికి ఆ తలుపు తీసే శ్రమ కూడా ఉండదని పైనుంచి కబురొచ్చింది.

కార్యదర్శి వెళ్లి మాట్లాడాలని సంఘం తీర్మానించింది. వదిన మంచి కోటు తొడుక్కుని, అధ్యక్షుణ్ణి వెంటబెట్టుకుని పట్నంలో పశువైద్య శాఖ ఆఫీసుకు వెళ్లింది. అధ్యక్షుడికి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. తలూపడానికైనా పనికొస్తాడని తీసుకెళ్లింది.

అధికారి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు.

"మీ దగ్గర కేసులు రావడం లేదమ్మా. అందుకే మూసేస్తున్నాం" అన్నాడు.

"డాక్టరు లేడు కదండీ. ఎవరికి చూపించుకోమంటారు?"

"కేసులుంటే డాక్టర్ని వేస్తాం."

"డాక్టరుంటే కేసులొస్తాయి."

అధ్యక్షుడు రెండు మాటలకూ తలూపాడు. అలా కాసేపు నడిచాక అధికారికి విసుగొచ్చింది.

"సరే, కేసులు చూపించండి. అప్పుడు ఆలోచిద్దాం."

మర్యాదకు అన్న మాట అది. వదిన మాత్రం దాన్ని మూటగట్టుకుని ఇంటికి తెచ్చింది.

మరుసటి వారం, పొగమంచు విడవక ముందే, సంఘం సభ్యులు జబ్బు పశువులను తోలుకుని కాలవ గట్టు వెంట పట్నానికి బయల్దేరారు. మంద మరీ పలచగా ఉందని వదిన తన ఆవును కూడా కలిపింది. దానికి జబ్బేమీ లేదు, చూడితో ఉంది. ఈనడానికి ఇంకా వ్యవధి ఉంది. భర్త వద్దన్నట్టు చూశాడు. నోటితో అనలేదు కాబట్టి ఆవిడ విననట్టే ఊరుకుంది. చివరికి ఆయనా మంద వెనకాల నడిచాడు.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వీటికి పాసులున్నాయా?"

"పశువుల ఆఫీసుకు పశువులొస్తే పాసేంటి నాయనా?"

వాచ్‌మన్ ఆలోచించాడు. "ఇప్పటిదాకా ఎప్పుడూ రాలేదమ్మా" అని గేటు తీశాడు.

అధికారి మెట్లు దిగి వచ్చాడు. చిక్కల్లా, నడకతో ఒళ్లు వేడెక్కి పశువులన్నీ కులాసాగా ఉన్నాయి. కుంటే ఎద్దు తిన్నగా నడిచింది. దారి పొడవునా దగ్గిన మేక గేటు దాటగానే దగ్గు మానేసి పూలకుండీల మీద పడింది. ఆ గుంపు మొత్తంలో జబ్బుగా కనిపించింది అధ్యక్షుడొక్కడే.

"వీటికేమైందమ్మా?"

"పొద్దున అయిందండీ. ఇప్పుడు తగ్గింది."

అధికారి నోరు తెరిచేలోపు వెనకాల ఏదో కూలబడిన చప్పుడైంది. వదిన ఆవు రాతి నేల మీద పడి, కాళ్లు చాపి మూలుగుతోంది.

"డాక్టరెవరైనా ఉన్నారా?" అని వదిన అరిచింది.

"ఇది డాక్టర్ల మీద అజమాయిషీ చేసే ఆఫీసమ్మా. డాక్టర్లుండరు" అన్నాడు గుమాస్తా.

"నేనున్నాను" అన్నాడు అధికారి. కోటు విప్పి గుమాస్తా చేతిలో పెట్టి, టీకి కాగుతున్న నీళ్లు తెమ్మన్నాడు. చేతులు సబ్బుతో కడుక్కుని ఆవు వెనక బోర్లా పడుకున్నాడు. చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది.

"దూడ తల వెనక్కి తిరిగింది. ఎన్నో నెల?"

"ఎనిమిది నిండాయండీ."

"ఎనిమిది నిండిన ఆవును ఇంత దూరం నడిపించారా?"

వదిన ఆవు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక ఆసుపత్రి కోసం ఇంట్లో ప్రాణాన్ని పణం పెట్టాను కదా అనుకుంది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు ఖాళీ లేవు.

కిటికీల నిండా గుమాస్తాల తలలు. లోపల అధికారి వేళ్లతో వెతికి, దూడ మూతి పట్టుకుని మెల్లగా ముందుకు తిప్పాడు. పలుపుతాడు ముందుకాళ్లకు వేసి, వదిన భర్తా ఆయనా కలిసి లాగారు. పెయ్యదూడ జారి పడింది. కదల్లేదు. అధికారి తన స్వెటరుతో దాన్ని గట్టిగా రుద్దాడు, ముక్కులో వేలు పెట్టి జిగురు తీశాడు. అది తుమ్మింది.

ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. ఎర్రబడిన చేతి మీంచి చలిలో ఆవిరి లేస్తోంది.

"చలి పట్టుకుంటుంది, కోటు వేసుకోండి" అంది వదిన.

"వద్దు లెండి, పాడవుతుంది" అన్నాడాయన. చేతులు తుడుచుకుంటూ, "ఈ కుర్చీలోకొచ్చాక ఇదే మొదటిది" అన్నాడు. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, "ఒక కేసు వచ్చినట్టు రాసుకో" అన్నాడు.

ఆసుపత్రి మూయలేదు. కొత్త డాక్టరు దొరికేదాకా వారానికి రెండు రోజులు ఒకాయన వస్తాడని కబురొచ్చింది. ఆ ఒకాయన అధికారే. వారమంతా అడిగితే రెండు రోజులేంటని సభ్యులు కొందరు వదిన మీద విసుక్కున్నారు. రెండు రోజులకు సరిపడా జబ్బులే తెచ్చుకోమని ఆవిడ చెప్పింది.

ఆయన వచ్చిన మొదటి రోజు వరసలో ముందు వదినే నిలబడింది.

"దూడ బాగుందా?"

"బలంగా ఉందండీ. ఆవే నాకు పాలు చేపడం లేదు. నేను చెయ్యి వేస్తే బిగబట్టేస్తోంది. మా ఆయన కూర్చుంటే బకెట్టు నింపేస్తోంది."

"దానికి మందు లేదమ్మా."

"ఎన్నాళ్లుంటుందండీ?"

"అది దాని ఇష్టం."

పాలు పితికే పని భర్తకు వదిలేసి, ఆ చలికాలమంతా వదిన ఆ ఆవుకు పేడ తీసింది, ఒళ్లు తోమింది, పక్కన ఊరికే నిలబడింది. మంచు పడటం ఆగిపోయాక ఒక పొద్దున భర్త లెక్క చూసుకోవడానికి పాలు పితక్కముందే పాల కేంద్రానికి వెళ్లాడు. ఆవిడ పీట వేసుకుని కూర్చుని, పొదుగు కడిగి, భయంభయంగా చెయ్యి వేసింది. ఆవు ఒకసారి తల తిప్పి చూసి, మళ్లీ గడ్డి నమలసాగింది. మొదటి ధార బకెట్టు అడుగున చప్పుడు చేసింది.

వదిన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బకెట్టు నిండేదాకా అక్కడే కూర్చుంది.