ప్రభ కోసం కొట్టేసిన నీడ

మా పెదనాన్న సుబ్బరామయ్య గారు వడదెబ్బతో కన్నుమూశారని నడికుడి స్టేషన్లో ఉండగా ఫోన్ వచ్చింది. ఆయన పడిపోయింది నరసరావుపేటలో సొంత బట్టల కొట్టు ముందేనని విన్నాక, దుఃఖం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. మొన్న శివరాత్రి దాకా అక్కడ కానుగచెట్ల నీడ ఉండేది.

యౌవనంలో కొట్టు తెరిచినప్పుడు ఆ వరుసంతా కానుగ మొక్కలు నాటింది ఆయనే. మండువేసవిలోనూ ఆ వృక్షచ్ఛాయలో అడుగుపెడితే ప్రాణం లేచొచ్చేది. క్రోసూరు నుంచి బేరానికొచ్చిన ఆడవాళ్లు ఎండకు తాళలేక చతికిలబడితే, "కొనకపోతే మానె, చల్లబడ్డాక పోదురుగాని కూర్చోండమ్మా" అనేవారు. నీడ అమ్ముకుంటున్నాడని పక్క కొట్లవాళ్లు వేళాకోళం చేసేవారు. మధ్యాహ్నం కాగానే వాళ్లూ కుర్చీలు అక్కడికే తెచ్చుకునేవారు.

ఆయన పరమ శివభక్తుడు. శివరాత్రికి మా బజారు నుంచి కోటప్పకొండకు బండి మీద కదిలే ఎత్తైన వెదురు ప్రభకు ఏళ్ల తరబడి ఆయనే పెద్ద. కొమ్మ అడ్డొస్తే మోకులు సడలించి, ప్రభను ఒద్దికగా పక్కకు వాల్చి దాటించేవారు. ఈ ఏడు మా కమిటీకి పక్క బజారు ప్రభను మించాలన్న పంతం పట్టింది. కరెంటు దీపాలతో అంత ఎత్తున కట్టాక వాల్చే వీల్లేదు. చెట్లు కొట్టేద్దామన్నాం.

"శివుడికి ఎత్తు కావాలంటే కొండమీద కూర్చోనే ఉన్నాడు గదరా! రెండు బారలు తగ్గిస్తే ఏందిరా మీకు?" అని బతిమాలారు. చాదస్తమని నవ్వుకున్నాం. కమిటీలో నేనూ ఉన్నాను. రంపం ఆడినంతసేపూ ఆయన కొట్టు తలుపులు మూసుకుని లోపలే కూర్చున్నారు.

చెట్లు పోయినా జనానికి అలవాటు పోలేదు. ఎండలు ముదిరినా అక్కడికే వచ్చి నిలబడేవారు. ఆయనకు మనసొప్పక, "చానా ఎండగా ఉంది, లోపలికి రండమ్మా" అని పిలుస్తూ, మజ్జిగ అందిస్తూ బయటే తిరిగేవారు. అలా తిరుగుతూనే, గ్లాసు చేతిలో ఉండగానే కుప్పకూలారు. ఆ నీడే ఉంటే ఇవాళ ఆయన ఉండేవారని మాలో ఎవరమూ పైకి అనలేదు. అటువంటి పరోపకారి, పుణ్యమూర్తి మా బజారుకు మళ్లీ దొరకరు.

భౌతికకాయాన్ని కొట్టు ముందే ఉంచాం. షామియానా తాడు కట్టడానికి మా కమిటీ ప్రెసిడెంటు కానుగ మొద్దు దగ్గర వంగి, అడ్డొచ్చిన లేత చిగుళ్లను తుంచబోయాడు. పెదనాన్న తల దగ్గర కూర్చున్న పెద్దమ్మ తలెత్తింది.

"ఆగయ్యా. దాన్నన్నా బతకనీయండి."

పెదనాన్న పాదాలకు మొక్కి లేచాను గాని, ఆమె ముఖం చూడలేకపోయాను.