మూడు కాళ్ళ తాబేలు

పుంగనూరులో రామమూర్తి స్టీలు సామాన్ల అంగడికి గిన్నె కొనడానికి వెళ్ళినవాళ్ళు ఉత్త గిన్నెతో తిరిగి వచ్చేవాళ్ళు కాదు. తమ ముత్తాత ఏ ఊరివాడో, ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకున్నాడో కూడా తెలుసుకుని వచ్చేవాళ్ళు. ఇందులో రామమూర్తి ప్రమేయం ఏమీ లేదు. ఆయన నోరు మెదపని మనిషి. ఇదంతా ఆయన భార్య అంబిక నిర్వాకం. సామాన్ల మీద పేర్లు కొట్టే మిషను ఆమె చేతిలో ఉండేది మరి.

తొంభైల మొదట్లో ఆ కరెంటు మిషను అంగట్లోకి వచ్చింది. పెళ్ళికిచ్చే బిందె మీదా, గృహప్రవేశానికిచ్చే పళ్ళెం మీదా పేరు కొట్టించకపోతే మనవాళ్ళకు ఇచ్చినట్టే ఉండదు కదా. మిషను గుయ్యిమని మోగుతుంటే అంబిక తల ఎత్తకుండా అడిగేది.

"ఇంటిపేరేమప్పా? యా ఊరు మీది? మీ నాయనోళ్ళ నాయన పేరేమి? ఆయన నాయన పేరు?"

పేరు కొట్టడానికి మొదటి ప్రశ్న చాలు. తక్కినవన్నీ ఆమె యావ. అయినా ఆ మోతలో ఎందుకడుగుతుందో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండేది కాదు. అడిగినవన్నీ చెప్పేసి, బిందె చంకన పెట్టుకుని పోయేవాళ్ళు. కొన్నేళ్ళకు పుంగనూరు చుట్టుపక్కల ఏ ఇంటివాళ్ళు ఏ ఇంటివాళ్ళకు దాయాదులైన పాలివాళ్ళో, ఎవరు ఎవరికి వియ్యమో, తన వంటింట్లో ఏ డబ్బాలో ఏ పప్పుందో తెలిసినంత బాగా అంబికకు తెలిసిపోయింది.

పదేళ్ళపాటు ఈ పిచ్చి పుంగనూరు బజారు దాటలేదు. దాటించింది మదనపల్లె వాన. 2003లో సరుకు కోసం మదనపల్లె పోయిన రోజు ఉన్నట్టుండి వాన పట్టుకుంది. తడవకుండా ఆమె దూరిన గది ఇంటర్నెట్ సెంటరు. ఊరికే నిలబడితే బాగుండదని ఒక కుర్చీలో కూర్చుంది.

"ఏం సూస్తావమ్మా?" అన్నాడు సెంటరాయన.

"తాతముత్తాతల గురించి ఏమన్నా ఉంటే సూపించప్పా," అంది, ఎలాగూ ఉండదులే అన్న ధైర్యంతో.

ఉంది! లోకంలో తనలాంటి పిచ్చివాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళంతా ఒక గ్రూపు పెట్టుకున్నారు. చిత్తూరు జిల్లా పల్లెల నుంచి ఎప్పుడో ఓడలెక్కి పోయినవాళ్ళ మునిమనవళ్ళు అందులో ఉత్తరాల్లాగా ప్రశ్నలు రాస్తున్నారు. మారిషస్ నుంచి ఒకాయన, రంగూన్ వదిలి మద్రాసు చేరిన ఒకావిడ, డర్బన్ నుంచి దేవికా నాయుడు. మా పెద్దలది ఏ ఊరు? ఆ ఊరు ఇంకా ఉందా? మా వాళ్ళెవరైనా మిగిలారా? జీతం భత్యం లేకుండా జవాబులు వెతికి ఇచ్చేవాళ్ళ పేరు వాలంటీర్లు. వాన నిలిచిపోయినా ఆమె లేవలేదు. ఆ రోజు సరుకు లేకుండానే పుంగనూరు బస్సెక్కింది.

ఇక ఆమె కాలు నిలవలేదు. అంగడికి సెలవొస్తే మదనపల్లె బస్సు. ఒంటి వేలితో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం నేర్చుకుంది. వేరే పని మీద ఏ పల్లెకు పోయినా నాలుగిళ్ళు తిరిగి విచారించేది. మారిషస్ ఆయన పాలివాళ్ళను సోమల దగ్గర ఒక మామిడి తోపులో పట్టేసింది. ఆస్తిలో వాటా అడగడానికి ఎవరో మనిషిని పంపారనుకుని వాళ్ళు మొదట కుక్కను వదిలారు. విషయం తెలిశాక కాఫీ ఇచ్చారు. గ్రూపులో అంబిక రెండూ రాసింది, కుక్క సంగతే ముందు.

"ఊర్లో సుట్టాలనే సూసుకోలేకుండాము. సముద్రం అవతలోళ్ళు యాలే మనకు?" అన్నాడు రామమూర్తి ఒకసారి.

"వాళ్ళయితే ఇంటికొచ్చి పదిరోజులు కూచోరు గదా," అంది అంబిక.

ఒక్క దేవిక పని మాత్రం ఎంత తిరిగినా తెమల్లేదు. దేవిక ముత్తాత మునెప్పది పలమనేరు దిక్కు. ఆయనకొక తమ్ముడు, పేరు డర్బన్‌లో ఎవరికీ గుర్తు లేదు. ఆ తమ్ముణ్ణి ఎక్కడికో ఇల్లరికం పంపి, అన్న ఓడెక్కాడు. విడిపోయే ముందు వాళ్ళ నాయన కొడుకులిద్దరికీ చెరొక ఇత్తడి చెంబు ఇచ్చాడట. రెండింటి మీదా ఒకే గుర్తు. దేవిక తమ చెంబు ఫోటో పెట్టింది. మేకుతో చుక్కలు చుక్కలుగా కొట్టిన తాబేలు. దానికి మూడే కాళ్ళు.

"కొట్టినాయన నాలుగోది మర్సిపోయినట్టుండాడు," అని అంబిక నవ్వింది. కానీ ఇల్లరికం పోయినవాణ్ణి వెతకడం నవ్వులాట కాదు. పుట్టిన ఊళ్ళో మరిచిపోతారు, పోయిన ఊళ్ళో అత్తింటి మనిషిగానే చెప్పుకుంటారు. పలమనేరు చుట్టూ తిరిగి తిరిగి అంబిక చెప్పులరిగాయి గానీ తమ్ముడు దొరకలేదు.

2005లో అంబిక కూతురు భవ్యకు పెళ్ళి కుదిరింది. అబ్బాయి నాగేంద్ర, కుప్పంవాడు. ఇద్దరూ కుప్పంలో చదువుకునేటప్పుడే ఒకరినొకరు మెచ్చుకున్నారు. నాగేంద్ర నాయనమ్మ మునిలక్ష్మమ్మ ఆ ఇంటికి పెద్ద దిక్కు. ఆమె సరేనంటే అందరూ సరేనన్నట్టే. ఆమె సరేనంది. ముహూర్తం పెట్టుకున్నారు.

ఆ సంతోషంలో అంబికకు ఒక ఊహ వచ్చింది. పెద్ద స్టీలు పళ్ళెం తీసుకుని, ఒక సగంలో అమ్మాయి వంశం, ఇంకో సగంలో అబ్బాయి వంశం, పైనుంచి కింది దాకా పేర్లు కొట్టాలి. అడుగున భవ్య, నాగేంద్ర. ఇంతకంటే గొప్ప కానుక ఎవరిస్తారు?

తమ వైపు తెలిసిందే. రామమూర్తి ముత్తాత రెడ్డెప్ప. ఆయన తండ్రి వెంకటప్ప, సోమల పక్కన ఒక పల్లె. అబ్బాయి వైపు తవ్వింది. వాళ్ళు కుప్పానికి గుడుపల్లె నుంచి వచ్చారు, గుడుపల్లెకు కొండప్ప అనే పెద్దాయన సోమల దిక్కు నుంచి వచ్చాడు. సోమల అనేసరికి అంబిక బస్సెక్కింది. తమ పల్లెకే పోయి, అక్కడ అందరికంటే పెద్దదైన శాంతమ్మను అడిగింది.

"అవ్వా, మా వెంకటప్పకు కొడుకులెంత మంది?"

"ఇద్దురమ్మా. రెడ్డెప్ప, కొండప్ప. కొండప్ప పెండ్లాం బిడ్లను తీసుకోని గుడుపల్లె దిక్కు పాయె."

ఇంకేముంది! ఇంటిపేర్లు వేరయినా, ఊరు మారితే ఇంటిపేరు మారడం అంబిక చాలాచోట్ల చూసిందే. ఆమె పల్లెలో ఆగలేదు, పుంగనూరులో దిగలేదు. నేరుగా మదనపల్లె పోయి, "కలిసినాయి! రెండు వంశాలూ ఒక్క మనిషి దగ్గిర కలిసినాయి!" అని గ్రూపులో కొట్టింది. డర్బన్ నుంచి మారిషస్ దాకా అభినందనలు కురిశాయి. ఉబ్బితబ్బిబ్బయి, పక్కనున్న ఫోన్ బూత్‌లోంచి కుప్పానికి కలిపింది.

"మునిలక్ష్మమ్మత్తా! మీరూ మేమూ ఒగటే! మీ కొండప్ప, మా రెడ్డెప్ప సొంతం అన్నదమ్ములు!"



"అట్లయితే మా పిల్లోడూ మీ పాపా అన్నాసెల్లెళ్ళు అయితారు గదమ్మా," అంది మునిలక్ష్మమ్మ, మెల్లగా. "యాడన్నా అన్నకు సెల్లెల్నిస్తారా?"

ఊరందరికీ వరసలు చెప్పే అంబికకు సొంత కూతురి వరస ఆ క్షణం దాకా తట్టలేదు.

ఇంట్లో పొయ్యి వెలగలేదు. "లోకంలో అందరికీ సుట్టాలను ఎతికిస్తావు. నాకు మాత్రం మొగుణ్ణి అన్నను జేస్తివి గదమ్మా!" అని భవ్య ఏడ్చింది. నోరు మెదపని రామమూర్తి నోరు మెదిపాడు. "ముందు ఆ మిషను పీకి పారెయ్," అన్నాడు.

కూతురి ఏడుపు అంబిక భరించలేకపోయింది. మరునాడే ఒంటరిగా కుప్పం బస్సెక్కింది. ఏం చెప్పాలో తెలియదు. కాళ్ళు పట్టుకోవాలని మాత్రం అనుకుంది. మునిలక్ష్మమ్మ ముఖాన నవ్వు లేదు గానీ, మర్యాద తప్పే మనిషి కాదు. "దూరం నుంచి వచ్చుండావు. ముందు నీళ్ళు తాగు," అని చెంబు చేతికిచ్చింది.

అంబిక చెంబు ఎత్తి నోట్లో పోసుకుంటోంది. చెంబు పక్క కళ్ళకు ఎదురుగా వచ్చింది. చుక్కల తాబేలు. ఒకటి, రెండు, మూడు కాళ్ళు.

నీళ్ళు ముక్కులోకెక్కాయి. దగ్గూ నవ్వూ ఒకటేసారి వచ్చి, పైట తడిసిపోయింది. మునిలక్ష్మమ్మ కంగారుగా ఆమె నడినెత్తిన తట్టింది.

"ఈ సెంబు ఎవరిదత్తా?"

"కొండప్పది. ఆయన వచ్చేటప్పుడు సేతిలో ఉండినది ఇదొగటేనంట. మా ఇంటికి కొత్తగా ఎవురొచ్చినా దీంతోనే నీళ్ళిస్తాము. యాల అట్ల నవ్వతాండావు?"

ఒక చెంబు మీద కాలు మరిచిపోతే అది పొరపాటు. రెండు చెంబుల మీదా మరిచిపోతే అది గుర్తు. పేర్లు కొట్టే మనిషి కాబట్టి అంబికకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఆమె మునిలక్ష్మమ్మ చేతులు పట్టుకుని గిర్రున తిప్పినంత పని చేసింది.

"కొండప్ప వెంకటప్ప కొడుకు గాదత్తా! ఇల్లరికపు అల్లుడు! పలమనేరు దిక్కు నుంచి ఈ సెంబు తీసుకోని వచ్చినాడు! ఆయనన్న మనవరాలి కూతురు... కాదు, మునిమనవరాలు, డర్బన్‌లో ఉండాది!"

మునిలక్ష్మమ్మకు డర్బన్ అక్కర్లేదు. ఆమె వేళ్ళు మడిచి వరస లెక్కపెట్టుకుంది. వెంకటప్పకు రెడ్డెప్ప మగబిడ్డ, కొండప్ప భార్య ఆడబిడ్డ. తోడబుట్టిన అన్నా చెల్లెళ్ళ పిల్లలు బావామరదళ్ళు. వాళ్ళ పిల్లలూ అంతే, వాళ్ళ పిల్లలూ అంతే.

"అయితే మీ పాప మా పిల్లోడికి మరదలా!" అంది, ముఖమంతా విప్పారి. వెంటనే సర్దుకుంది. "ఈ తూరి సరిగా అడుగుదాం. నేనూ వస్తా పద."

ఇద్దరూ కలిసి శాంతమ్మ ముందు కూర్చున్నారు.

"కొండప్ప అల్లుడే గదమ్మా," అంది శాంతమ్మ తాపీగా. "రెడ్డెప్ప ఒగడితో సేద్యం సాగక పిలిపిస్తే ఇల్లరికం వచ్చి, సేద్యమంతా జేసి, మామను సచ్చేదాకా సూసినోణ్ణి కొడుకనకుంటే ఏమంటారు?"

"మరి ఆ పొద్దు చెప్పలేదే అవ్వా!"

"కొడుకులెంత మందని అడిగితివి, చెప్తిని. కూతురుండాదా అని అడిగితివా? గంగులమ్మ అని బంగారట్లా ఉండె."

మునిలక్ష్మమ్మ పకపకా నవ్వింది. అంబికా నవ్వింది, కానీ ఆమెకు లోపల సిగ్గేసింది. నాయన, నాయన నాయన, ఆయన నాయన. ఇన్నేళ్ళూ మిషను మోతలో ఆమె అడిగింది అంతే. ఎన్ని ఇళ్ళ వంశాలు రాసిందో, ఒక్కదానిలోనూ ఒక్క ఆడమనిషి లేదు. రామమూర్తి వంశంలో తను కూడా లేదు. ఎవరూ అడగని ఒక గంగులమ్మ దాదాపు తన కూతురి పెళ్ళి తప్పించేసింది.

పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది. డర్బన్‌లో దేవిక ఇంటిల్లిపాదికీ పాయసం వండి, "మా కొండప్ప తాత ఇంట్లో పెళ్ళి," అని గ్రూపంతా చాటింది. అంబిక పళ్ళెం మళ్ళీ మొదటి నుంచి కొట్టింది. ప్రతి మగవాడి పక్కనా భార్యనూ, తోబుట్టువులనూ చేర్చేసరికి పళ్ళెం మధ్యలోనే నిండిపోయింది. అంచు మీద కొట్టింది. చాలక వెనక్కి తిప్పి కొట్టింది. భవ్య పేరు పైన తన పేరు కొట్టేటప్పుడు మాత్రం మిషను కాసేపు ఆపి, కళ్ళు తుడుచుకుంది. పెళ్ళికి వచ్చినవాళ్ళంతా ఆ పళ్ళెం ముందూ వెనకా తిప్పి చూస్తుంటే, తాంబూలం పెట్టడానికి పళ్ళెం లేక మునిలక్ష్మమ్మ కేకలేసింది.

పెళ్ళయిన వారానికి అంగడికి ఒక పెద్దాయన వచ్చి బిందె కొన్నాడు. పేరు కొట్టమన్నాడు. రామమూర్తి ఏమీ అనకుండా మిషను ప్లగ్గు తానే పెట్టాడు. అది గుయ్యిమంది.

"ఇంటిపేరేమప్పా? యా ఊరు?" అంది అంబిక. ఆయన చెప్పాడు. నాయన పేరు అడగకుండానే చెప్పాడు, తాత పేరు, ముత్తాత పేరు గడగడా చెప్పాడు.

"అవి సరే. మీ అవ్వోళ్ళ అమ్మ పేరేమి?"

పెద్దాయన నోరు తెరిచాడు. ఎంతసేపైనా ఆ నోట్లోంచి పేరు రాలేదు. అంబిక మిషను ఆపింది.

"ఇంటికి పొయ్యి అడుక్కోని రాప్పా," అంది. "బిందె యాడికీ పోదు."