తలుపు సందులోంచి చాచిన చేతులు

మా వాళ్లంతా చెప్పే కథ ఒకటుంది. మద్రాసు నుంచి ఎవరో పెద్దమనిషి రంగు తేల్చే క్రీము తెచ్చి మా చెల్లెలికి ఊరికే ఇచ్చాడట. దాని చెయ్యి తెల్లబడి, ఇక ముఖానికి ఇచ్చే వేళకు నేను ఓర్వలేక అడ్డం పడి ఆయన్ను వెళ్లగొట్టానట. ఏ పేరంటానికి వెళ్లినా ఈ కథ నాకంటే ముందే అక్కడ కూర్చుని ఉంటుంది. ఇందులో నిజం ఒక్కటే: నేను అడ్డం పడ్డాను. మిగతాది ఒప్పుకోను.

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులవి. అనంతపురంలో సైన్సు చదువుతూ సెలవులకు ఆళ్లగడ్డకు వచ్చాను. మా నాయన మందులు కొనే నంద్యాల షాపాయన ఆ మద్రాసాయన్ను వెంటబెట్టుకొని వచ్చాడు. క్రీము ఇంకా అమ్మకానికి రాలేదట. ముందు మనుషుల మీద పూసి చూడాలట. ఇష్టపడి ముందుకొచ్చే ఆడవాళ్లు కావాలట. నంద్యాలలో కొందరు, గోస్పాడులో కొందరు అప్పటికే ఒప్పుకున్నారట. ఆ ‘ఇష్టపడి’ అన్నచోటే నాకు మొదటి అనుమానం. మా ఇంట్లో ఇష్టపడింది మా నాయన, పూసుకోవలసింది మా చెల్లెలు.

చెల్లెలికీ ఆశ లేదని కాదు. మామిడికాయల పని తీరాక దానికి పెళ్లిచూపులకు వస్తామని బనగానపల్లె వాళ్లు కబురు పెట్టారు. మేమిద్దరం ఒకే రంగు, మా చేలలోని నల్లరేగడి రంగు. నా నోటికి జడిసి నా రంగు మాట ఎవరూ ఎత్తేవారు కాదు. దానికి నోరు లేదు. అందరి మాటలూ దాని ముఖం మీదే పడేవి.

ఆయన రెండు డబ్బాలు ఇచ్చాడు. ఎర్రమూతది మందున్న క్రీము, ఎడమ చేతికి. తెల్లమూతది మందు లేనిది, కుడి చేతికి. మణికట్టు నుంచి మోచేతి దాకా పొద్దునా సాయంత్రం పూయాలి. చేతుల మీద గుణం కనిపిస్తే అప్పుడు ముఖానికి ఇస్తాడు. వారానికోసారి షాపాయనతో కలిసి నంద్యాల బస్సులో వచ్చి చూసుకొని పోయేవాడు.

చూడటమంటే, మా ఇంటి ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ముందుకు వచ్చేవారు కాదు. గాజులు తొడిగించుకోవాలన్నా, వైద్యుడికి నాడి చూపించాలన్నా తలుపు ఓరగా తీసి చెయ్యి బయటికి చాచడమే. ఆయన పంచలో కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని, సందులోంచి వచ్చిన రెండు చేతులనూ చూసేవాడు. ఆ చేతుల వెనక మనిషిని ఆయన ఏనాడూ చూడలేదు.

మొదటి వారానికే ఎడమ చెయ్యి కందిపోయి పొట్టు లేచింది.

“మంట పుడతాంది నాయనా,” అంది చెల్లెలు తలుపు వెనక నుంచి.

“మంచిదేనమ్మా,” అన్నాడు మద్రాసాయన. “పాత చర్మం పోతోందంటే కొత్తది వస్తోందన్నమాట.”

“రాకపోతేనో?” అన్నాను లోపలి నుంచే.

“గమ్మునుండు మే,” అన్నాడు మా నాయన.

“చదువుకున్న అమ్మాయిలా ఉన్నారే,” అన్నాడు మద్రాసాయన.

“చదువుకోనోళ్లకైనా మంట మంటేనండి.”

వాళ్లు వెళ్లాక చెల్లెలు వాకిట్లో నిలబడి రెండు చేతులూ పక్కపక్కన పెట్టింది. “తెల్లగయింది కదక్కా?”

“ఎర్రగయింది.”

“నీకట్లనే కనపడతాది లే. కడుపుమంట.”

ఆ మాట నాకు తగిలింది. అయినా నా అనుమానం క్రీము మీద కంటే ఆయన చూపు మీద. వచ్చిన ప్రతిసారీ ముందు ఎడమ చెయ్యి పట్టి, తేటపడిందని చెప్పి, ఆ తర్వాతే కుడిదాన్ని చూసేవాడు. జవాబు బస్సులోనే తెచ్చుకున్నట్టుండేది.

ఈసారి వచ్చేటప్పుడు ముఖానికి డబ్బా తెస్తానని కబురు చేశాడు. అప్పటికి చెల్లెలి చేతి మీద చిన్న చిన్న పొక్కులున్నాయి. అవి రేపు చెంపల మీద లేస్తే ఎట్లా అని నాకు భయం. దానికి ఆ భయం లేదు. అందుకే ఆయన వచ్చే రోజు పొద్దున పందెం కట్టినట్టు చెప్పాను. “ఈరోజు నీ బదులు నా చేతులు చాస్తా. ఇవి ఏ క్రీమూ ఎరగవు. రెండూ ఒకటిగానే ఉండాయని ఆయనంటే నిజం చెప్పే మనిషే. ఆయనిచ్చింది పూసుకో, నేను నోరెత్తను. ఎడమది తెల్లగుందంటే?”

అది చాలాసేపు ఆలోచించి, గాజులు తీసి నా చేతులకు తొడిగింది.

“ఏం నాటకమే మీది,” అంది పక్కనే కూర్చున్న మా అవ్వ. ఆపలేదు మాత్రం.

చేతులు చాచాను. మద్రాసాయన కళ్లద్దాలు సర్దుకుని నా ఎడమ చెయ్యి వెలుతురులోకి తిప్పాడు. “చూశారా, ఎంత తేటగా వచ్చిందో. కుడిదానికీ దీనికీ పోలికే లేదు.”

“అవునవును,” అన్నాడు మా నాయన.

“భలే తెలుపప్పా,” అన్నాడు షాపాయన.

తలుపు తోసుకొని పంచలోకి వచ్చాను. “ఇవి నా చేతులండి. క్రీము పూసుకునేది లోపలుంది.”

మద్రాసాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “వెలుతురులో కొంచెం తేడా కనిపిస్తుందమ్మా,” అన్నాడు.

“వెలుతురు రెండు చేతుల మీదా పడిందండి.”

“అక్కచెల్లెండ్లు గదా, దానికి పూస్తే నీకూ తగిలిందేమోమ్మా,” అని షాపాయన సర్దబోయాడు. నవ్వింది అవ్వ ఒక్కతే.

ముఖం డబ్బా సంచిలోంచి బయటికి రాలేదు. పైగా చెల్లెలు వాడిన డబ్బాలు రెండూ ఆయన అడిగి మరీ పుచ్చుకున్నాడు. సగం అయిపోయిన డబ్బాలతో ఆయనకేం పని? అప్పుడు తోచలేదు. తోచి ఉంటే ఎర్రమూతది మా కాలేజీ లాబరేటరీకి చేరేది.

చెల్లెలి ముఖం ఎలా ఉందో అలాగే ఉంది. బనగానపల్లె వాళ్లు వచ్చి ఆ ముఖమే చూసి ఒప్పుకొని పోయారు. చేతి మీద మాత్రం పొక్కులు మాని నల్ల మచ్చ మిగిలింది. “ఇంకొన్నాళ్లు పూసుంటే ఇదీ పోయేది, నువ్వు పూసుకోనిస్తివా,” అంటుంది ఇప్పటికీ. నా చేతిని తెల్లదన్న మాట తలుపు పక్కనే నిలబడి తన చెవులతో విన్న మనిషి ఇది.

తర్వాత కొన్నేళ్లకు నంద్యాలలో అదే షాపులో ఆ క్రీము అద్దాల బీరువాలో కనిపించింది. అట్టపెట్టె మీద ‘మనుషులపై పరీక్షించి నిరూపించినది’ అని అచ్చు వేశారు.

“ఎవరప్పా ఆ మనుషులు?” అన్నాను.

“ఏమో తల్లీ, కంపెనీ వాళ్లకు తెలియాల,” అంటూ ఆయన వేరే బేరం చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

కంపెనీ వాళ్లు ఇది చదువుతారని నమ్మకం లేదు. అయినా అడుగుతున్నాను. ఆ పెట్టె మీది మాట వెనక ఉన్న లెక్కలో, పొక్కులు లేచిన మా చెల్లెలి చేతిని ఎందులో వేశారు? ఏ క్రీమూ ఎరగని నా చేతిని ఎందులో వేశారు?