తాతయ్య కూలగొట్టిన మట్టిదిమ్మె

నా చిన్నప్పుడు, పదేళ్ళు దాటీ దాటని వయసులో, రంగూన్ మీద బాంబులు పడ్డ రోజున నేను అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఇరవై నిండాయి. పాలమూరు దిక్కు గట్టు అనే మా ఊళ్ళో, ఇంటి అరుగు మీద కూర్చుని ఎవరికీ చూపించని నోటుబుక్కులో ఈ సంగతి రాస్తున్నాను. అది బాంబులను తలుచుకుని కాదు.

మా దిక్కు భూములు వానను నమ్ముకున్నవి. వరుసగా వానలు మొహం చాటేస్తే మా తాతయ్య తల్లి లేని నన్ను వెంటబెట్టుకుని మట్టిపనికి సముద్రం దాటాడు. మమ్మల్ని తీసుకుపోయిన మేస్త్రీ కూడా మా దిక్కువాడే. యుద్ధం వచ్చాక ఓడల్లో చోటు పలుకుబడి ఉన్నవాళ్ళకే దొరికింది. మా వరుస ఇళ్ళవాళ్ళమంతా అక్కడే చిక్కుకుపోయాం. మేస్త్రీ తన వంతు కోసం చూస్తూ మాతోనే ఉన్నాడు.

బాంబులు పడితే దాక్కోవడానికి ఇళ్ళ వెనక కందకం తవ్వమని అతనే చెప్పాడు. తాతయ్యా ఇంకో నలుగురూ కలిసి తవ్వారు. మా పాలమూరు వాళ్ళు చెరువుమట్టి తీసేటప్పుడు నడుమ ఒక దిమ్మెను తవ్వకుండా వదులుతారు. ఎంత లోతు తవ్వారో కొలిచేవాడికి అది గుర్తు. తాతయ్య చెయ్యి అలవాటు కొద్దీ కందకం నడుమ కూడా అలాంటి దిమ్మె వదిలేసింది. "గిక్కడ ఎవడొచ్చి కొలుస్తడే ముసలోడా, జపానోడా?" అని తోటివాళ్ళు ఒకటే నవ్వు. తాతయ్యా నవ్వాడు గానీ దాన్ని తీయలేదు. నలుగురు కూర్చునే జాగ దానికిందే పోయింది.

మర్నాడు పొద్దెక్కాక సైరన్ కూసింది. అందరం కందకంలోకి దూకి ఒకరినొకరం ఆనుకుని కూర్చున్నాం. అప్పుడు మా వీధి మరుగుదొడ్ల బకెట్లు ఎత్తే ఆమె చంటిపిల్లతో పరుగెత్తుకొచ్చి గట్టున నిలబడింది. ఆమెదీ తెలుగే, సముద్రం దిక్కు తెలుగు.

"జాగ లేదు, పో," అన్నాడు మేస్త్రీ. "ఇందుల ఆడోళ్ళున్నరు. కనవడ్తలేదా?"

"నాకు సోటొద్దు బాబూ. ఈ పిల్లనొక్కదాన్నీ అట్టుకోండి, సాలు."

ఒక్కరూ చేతులు చాపలేదు. నేను అందరికంటే గట్టు దగ్గరగా ఉన్నాను. ఆమె వంగేసరికి బకెట్ల వాసన వచ్చింది. నేను నా లంగా అంచు లాక్కుని మోకాళ్ళ కింద దాచుకున్నాను.

తాతయ్య అది చూశాడు. లేచి పార అందుకుని దిమ్మె మీద పడ్డాడు. పైన విమానాల మోత, కింద పార చప్పుడు. మట్టి మా అందరి నెత్తిన పడుతోంది. మేస్త్రీ తిడుతూనే ఉన్నాడు. దిమ్మె కూలింది. తాతయ్య ఆమె చెయ్యి పట్టి దింపి, పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "పట్టుకో బిడ్డా. మెడ కింద చెయ్యి పెట్టు," అన్నాడంతే.

ఆ తర్వాత నేల ఎగిరెగిరి పడింది. ఎంతసేపో తెలియదు. ఆ మోత ఆగేసరికి కందకమంతా కంపు. ఎవరు తడుపుకున్నారో, ఎవరు కక్కుకున్నారో చెప్పలేం. మేస్త్రీ పంచె కూడా తడిసింది. పిల్ల మాత్రం నా వేలు పట్టుకుని నిద్రపోయింది.

పైకొచ్చి చూస్తే వీధి చివర మనుషులు పడి ఉన్నారు. కుళాయిల్లో నీళ్ళు రావడం లేదు. మేస్త్రీ మాత్రం తాగడానికి దాచిన రెండు బిందెల నీళ్ళూ ఆమెతో కూర్చున్న మైల పోవాలని తన ఇంటివాళ్ళ నెత్తిన పోయించాడు. నాలుక పిడచకట్టుకుపోతుంటే ఆ నీళ్ళు మట్టిలో ఇంకిపోవడం చూస్తూ నిలబడ్డాను. సాయంత్రానికి మరుగుదొడ్ల బకెట్లు నిండాయి. ఆమెను పిలుచుకురమ్మని మనిషిని పంపిందీ అతనే. ఆ నోటితోనే తాతయ్యకు హుకుం వేశాడు: "ఆ దిమ్మెను మళ్ల లేపు. ఆమె అటు, మనం ఇటు."

తాతయ్య పార కడుక్కుంటూ, "తవ్విన మట్టి మళ్ల దిమ్మె గాదు మేస్త్రీ. పనోనివి, నీకు తెల్వదా?" అన్నాడు.

కొన్నాళ్ళకు మేస్త్రీ ఓడెక్కాడు. మేము ఊరు చేరడానికి నెలలు పట్టింది, చాలా దారి నడకే. ఆమె, పిల్ల ఏమయ్యారో తెలియదు. ఇక్కడ మా బావి దగ్గర ఇప్పటికీ కొందరి దోసిళ్ళలోకి నీళ్ళు ఎత్తునుంచే పోస్తారు. చూసినప్పుడల్లా ఆ కందకం కంపు ముక్కుకు తగులుతుంది.

అయినా మేస్త్రీ మీది రోత నాకు ఏనాడూ పూర్తి ఊరటనివ్వలేదు. లంగా అంచు లాక్కున్న చెయ్యి నాది. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే, వాళ్ళ మొహం కంటే ముందు ఆ చెయ్యి ఎటు పోతోందో చూసుకుంటాను.