గురి కదలనివ్వని మనిషి: మా మరిది రంగారావు

మా మరిది రంగారావు కన్నుమూశాడు. గత ఆదివారం ఉదయం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, తన ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయాడు. మా తోటికోడలు సుజాత ఫోన్ చేసి, "అక్కా, ఆయన లేవట్లేదు" అని మాత్రం అనగలిగింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నా వయసులోంచి అతని వయసు తీసివేస్తూ కూర్చున్నాను. తొమ్మిదేళ్లు చిన్నవాడు. న్యాయంగా అయితే నా గురించి అతను రాయవలసిన వ్యాసం ఇది. లెక్క తలకిందులైంది.

అతన్ని ఎరిగినవారికి అతని ఉద్యోగం గుర్తుంటుంది. వంతెనల దృఢత్వాన్ని పరీక్షించే ఇంజనీరుగా టెక్సస్‌లో జీవితమంతా పనిచేశాడు. రిటైరయ్యాక వేట మీద మనసు పడిందన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. దక్షిణ టెక్సస్ ముళ్ల అడవుల్లో నీల్గాయి తిరుగుతుందని విని, బొమ్మ చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, ఇది మన మనుబోతే! మనకంటే ముందే వచ్చేసింది, వీసా లేకుండా!"

మనుబోతు మొండి జంతువు. తోలు మందం, ప్రాణం గట్టి. చిన్న గుండు తగిలితే గాయంతో మైళ్ల దూరం పోతుంది. అందుకని పెద్ద రైఫిల్ కొన్నాడు. ఆ తుపాకీ పేలిన ప్రతిసారీ వెనక్కి గాడిదలా తన్నేది. దాని మీద బిగించి, కన్ను పెట్టి గురి చూసే స్కోపు కోసం వెతుకులాట అప్పుడు మొదలైంది. ఆ వెతుకులాటలోనే మా రంగారావు అసలు స్వభావమంతా నాకు కనిపించింది.

మొదటి స్కోపు తొందరపడి కొన్నాడు. అద్దం నిగనిగలాడింది కదా అని మోసపోయాడు. అది కంటికి మరీ దగ్గరగా పెట్టి చూడవలసిన రకం. తుపాకీ తన్నగానే స్కోపు అంచు కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంగా కోసింది. ఆ వారమే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వచ్చినవాళ్ల అమ్మాయి ఒకతె అతని ముఖం చూసి, "అంకుల్, మీ బొట్టు సైడ్‌కి వెళ్లిపోయింది" అంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు రంగారావే. మర్నాడే ఆ స్కోపు తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత వంతెనను పరీక్షించినట్టే స్కోపులను పరీక్షించాడు. షాపులో స్కోపు కంటికి పెట్టుకుని ఎదుటి గోడ చూడటం వల్ల ఏమీ తెలియదనేవాడు. "అద్దం బాగుందా అని కాదు వదినా, తన్ను తిన్నాక అక్కడే ఉంటుందా అని అడగాలి" అనేవాడు. లోపల కదిలే భాగాలు ఎంత తక్కువైతే అంత మంచిదని, దగ్గరకూ దూరానికీ మార్చే ఏర్పాటు లేకుండా నాలుగు రెట్లు మాత్రమే పెద్దది చేసి చూపే పాత రకం స్కోపు ఎంచుకున్నాడు. బరువు తక్కువ. కంటికి నాలుగు అంగుళాల దూరంలో ఉన్నా నిండుగా కనిపిస్తుంది. గురిని పైకీ పక్కకీ జరిపే మరలకు గట్టి మూతలున్నాయి. ఎవరో వాడి అమ్మినదే, కాని వాడినా చెడనిది. స్కోపుకు పెట్టిన ఖర్చులో సగం దాన్ని తుపాకీకి పట్టి ఉంచే ఉక్కు బిగింపులకు పెట్టాడు. "స్తంభం బాగుండి పునాది ఊగితే ఏం లాభం?" అన్నాడు.

అతని బాల్యస్నేహితుడు ప్రసాదుది వేరే దారి. అదే రకం రైఫిల్ మీద అంతకు ఎనిమిది రెట్ల ధర స్కోపు పెట్టాడు. పైన రెండు పెద్ద తిరుగుడు మరలు, మూతల్లేకుండా, గడియారం ముఖాల్లా మెరుస్తుండేవి.

"ఒరేయ్ రంగా, గరాజ్ సేల్‌లో కొన్నావా అది? నాదానికి లైఫ్‌టైమ్ వారంటీ ఉంది, తెలుసా?"

"వారంటీ ఇంటికొస్తుందిరా. మనుబోతు రాదు."

ఏటా ప్రభుత్వ అడవిలో వేటకు చీటీ తీస్తారు. ఏళ్ల తరబడి దరఖాస్తు పెట్టగా పోయిన చలికాలానికి ఇద్దరికీ కలిపి చీటీ వచ్చింది. ఆ సంతోషంలోనే ఒక చేదు కూడా కలిసింది. రంగారావు కుడి భుజం చూసిన డాక్టరు, ఈ వేట తర్వాత ఆ తుపాకీ ముట్టవద్దన్నాడు. అప్పటిదాకా కూడా వీలైనంత తక్కువ కాల్చమన్నాడు. అంటే అతనికిదే మొదటి మనుబోతు, ఇదే ఆఖరిది. మాటిమాటికీ కాల్చి గురి సరిదిద్దవలసిన స్కోపైతే ఆ భుజం అడవి చేరేలోపే అయిపోతుంది. చవక స్కోపు మీద అతను పెట్టిన నమ్మకమంతా ఇక ఒక్క ఉదయం మీద నిలిచింది.

దసరాకు ప్రసాదు గరాజ్‌లో ఆయుధపూజ జరిగింది. కార్లు, లాప్‌టాప్‌లు, గడ్డి కోసే యంత్రం, వాటి పక్కన రెండు రైఫిళ్లు. ఆడవాళ్లం అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి, హారతి అయ్యాక తడిగుడ్డతో తుడిచాం. రంగారావు మరో వారానికి సాధన మైదానానికి వెళ్లి ఒక్క గుండు కాల్చి, అది పడ్డ చోటు కొలిచి రాసుకున్నాడు. ప్రసాదు మాత్రం పూజ చేసిన ఆయుధం కదా అని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

వేటకు వాళ్లతో నేనూ వెళ్లాను. వంటకు మనిషి కావాలన్నారు. నాకూ మనుబోతును చూడాలనిపించింది. ఎనిమిది గంటల ప్రయాణం తర్వాత అడవికి ముందున్న ఊళ్లో, కాల్పుల సాధన చేసే మైదానం దగ్గర రంగారావు కారు ఆపించాడు.

"ఒక్కొక్కటి కాల్చి చూసుకుందాం పద."

"పూజ చేసిన తుపాకీరా! మొదటి గుండు కాగితానికి వేస్తామా?"

"కాగితమే నయం. అది చచ్చేటప్పుడు అరవదు."

ప్రసాదు సణుగుతూ కాల్చాడు. కాగితం మీద ఎక్కడా చిల్లు లేదు. మళ్లీ కాల్చాడు. లేదు. మరల మీది అంకెలు చూశాక సంగతి తెలిసింది. కుంకుమ తుడిచినప్పుడు రెండు మరలూ గుడ్డతో పాటు తిరిగిపోయాయి. ఎవరు తుడిచామో ఎవరికీ గుర్తులేదు. ప్రసాదు గుర్తున్నంతలో పాత అంకెలకు మరలు తిప్పాడు. సరిచేద్దామని కంగారుగా కాలిస్తే, గుండ్లు తలా ఒక దిక్కుకు పోయాయి. ఏది స్కోపు తప్పో, ఏది చేతి తప్పో తేల్చే వీలు లేదు.

"నేను రానులే రంగా. నువ్వెళ్లు" అని ప్రసాదు తుపాకీ బల్ల మీద పెట్టేశాడు.

రంగారావు వెళ్లి ఆ బల్ల ముందు తనే కూర్చున్నాడు.

"నీ భుజం?" అన్నాను.

"లెక్క నువ్వు చూసుకో వదినా. నీ కుట్టుపని టేపు తెచ్చావుగా?"

నాలుగుసార్లు కాల్చాడు. ప్రతిసారీ నేను కాగితం దగ్గరికి నడిచి, చిల్లుకూ నడిమి చుక్కకూ మధ్య దూరం కొలిచి చెప్పాను. అతను మర తిప్పాడు. నాలుగోది చుక్కలోనే పడింది. లేచి నిలబడేసరికి కుడిచెయ్యి వేలాడుతోంది.

ఇక తన రైఫిల్ మిగిలింది. ఆ భుజం ఇక రెండు తన్నులు మాత్రమే ఓర్చుకునేలా ఉంది. ఒకటి ఇప్పుడు, రెండోది రేపటికి దాచాలి. కూర్చునే ముందు అతనన్న మాట నేను మరచిపోను. "ఇది బెత్తెడు పక్కకు పోయినా రేపు కాల్చను. మూలుగుతూ ముళ్లపొదలో చచ్చే జంతువు నా పేరున ఉండకూడదు." తన స్కోపు తాను బాగుందనుకున్నంత మాత్రాన అతను నమ్మలేదు. అదీ రంగారావు.

కాల్చాడు. నేను నడిచి వెళ్లాను. ఎన్నో ఏళ్లు ఉద్యోగంలో లెక్కలు చూసినదాన్ని, అయినా టేపు రెండుసార్లు వేశాను. దసరా తర్వాత కాల్చిన చోటికీ ఈ చోటికీ తేడా నా బొటనవేలి గోరంత కూడా లేదు.

"అర అంగుళం!" అని అక్కణ్ణించే అరిచాను.

"స్కోపు కదల్లేదు వదినా, కదిలింది నేనే!" అని తిరిగి అరిచాడు. ప్రసాదు అతన్ని ఎడమవైపు నుంచి, జాగ్రత్తగా కౌగిలించుకున్నాడు.

మర్నాడు ఉదయం వాళ్లిద్దరూ పొదల్లోకి వెళ్లారు. నేను కారు దగ్గర కూర్చున్నాను. సూర్యుడు చెట్లకు పైకి వచ్చాక ఒక్క చప్పుడు వినిపించింది. రెండోదాని కోసం చెవులు రిక్కించాను. రెండోది వస్తే గాయపడిందని అర్థం. రాలేదు. చాలాసేపటికి రంగారావు టోపీ చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"నిలబడ్డ చోటే పడిపోయింది వదినా. దానికి తెలిసి కూడా ఉండదు."

సాయంత్రం ప్రసాదు వంతు. అతని పక్కన రంగారావు బోర్లా పడుకుని, "ఆగు... ఇంకా ఆగు... ఇప్పుడు" అని చెవిలో చెబుతూ కాల్పించాడట. అదీ ఒక్క గుండే.

ఫ్రిస్కోలో ఆ మాంసంతో మా స్నేహితులందరికీ విందు చేశాం. ప్రసాదు అందరి ముందూ లేచి నిలబడ్డాడు. "తుపాకీ నాది, స్కోపు నాది, డబ్బూ నాదే. గురి మాత్రం రంగాది. తన భుజం ఖర్చుపెట్టి నాకు గురి పెట్టిచ్చాడు" అన్నాడు. ఇల్లంతా చప్పట్లు. అంత ఘనమైన గెలుపు మా కుటుంబంలో నేను చూడలేదు. పొగడ్త విన్న రంగారావు తల వంచుకుని, ముక్క కొరికి, నావైపు తిరిగాడు.

"ఉప్పు తగ్గింది వదినా."

ఈవారం అతని ఇంటికి వచ్చినవాళ్లంతా నా వంటను బాగుందన్నారు. ప్రసాదు కూడా అన్నాడు. కూరలో ఉప్పు వెయ్యడమే మరచిపోయానని నోట్లో పెట్టుకున్నాక గానీ నాకు తెలియలేదు. మొహమాటపడకుండా ఆ మాట నాకు చెప్పే మనిషి ఇక లేడు. చిన్నవాడే అయినా, అతనికి చేతులు జోడిస్తున్నాను.